వాన కాదు, నిప్పు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా రిటైరైన తర్వాత రాస్తారు. నేను రాజీనామా చేసినవాణ్ణి. అప్పటికి వయసు ముప్పై కూడా రాలేదు. ఇప్పుడు సత్తుపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. మోటారు ఎందుకు కాలిందో చూస్తాను, వైండింగు చుట్టిస్తాను, రైతుకు అప్పగిస్తాను. నేను చెప్పిన మాట వల్ల ఎవరి గుడిసె కూడా కదలదు. ఫీల్డు ఉద్యోగాల్లో చేరబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి "అన్నా, ఆ పని ఎట్లుంటది?" అని అడుగుతారు. జీతం, అలవెన్సు, జీపు, దోమతెర, వీటి గురించి చెప్పి పంపిస్తుంటాను. వాళ్ళకు చెప్పకుండా దాటేసేది ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది భూభౌతిక శాస్త్రం. ఎనభైల చివర్లో హైదరాబాదులో నేలలూ నీళ్ళూ పరిశీలించే ఒక సంస్థలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. మా పనేమిటో ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది. వానకు తడిసి, ఎండకు ఎండి, మళ్ళీ తడిసి, ఆ ఇనుములో కొంత భాగం అయస్కాంత గుణం ఉన్న సన్నటి రేణువులుగా మారుతుంది. అవి కంటికి కనపడవు. ఒక హద్దు వరకు, వాన ఎక్కువ పడే చోట ఆ రేణువులు ఎక్కువగా తయారవుతాయి. నీళ్ళు నిలిచే చోట ఈ లెక్క చెల్లదు, అక్కడ అవి కరిగిపోతాయి. ఒకనాటి నేల మీద కొత్త మట్టి పేరుకుని కప్పేస్తే పాత నేల తన రేణువులతో సహా అట్లాగే ఉండిపోతుంది. వాగు ఒడ్డును కోసిన చోట అది ముదురెరుపు పట్టీలాగా బయటపడుతుంది. ఆ పట్టీకి అయస్కాంత గుణం కొలిచే మీటరు ఆనించి అంకె చూస్తాం. ఇవాళ ఎంత వాన పడుతుందో తెలిసిన చోట్ల మట్టి అంకెలతో పోలుస్తాం. ఆ పాత కాలంలో ఎంత వాన పడేదో అప్పుడు ఒక అంచనా వస్తుంది. అంచనా మాత్రమే. ఈ చివరి మాట మా రిపోర్టుల్లో ఎప్పుడూ పేజీ అడుగున ఉండేది.

ఇల్లందు నుంచి టేకులపల్లి మీదుగా అడవిలోకి వెళ్తే ఒక వాగు వస్తుంది. దానికి అడ్డంగా రిజర్వాయరు కట్టాలని ఒక ఆలోచన అప్పట్లో నడుస్తూ ఉండేది. ఇంజనీర్ల దగ్గర ఆ అడవి వానల లెక్కలు సరిగా లేవు. ఉన్న ఒక్క వానకొలత గిన్నె ఒక బంగళా ఆవరణలో, మామిడికొమ్మ కింద ఉండేది. చెట్టు మీద పడ్డ వాన చెట్టుదే, గిన్నెలో పడింది సర్కారుది. ఆ లెక్కలతో కట్ట ఎత్తు నిర్ణయించలేక వాళ్ళు మా సంస్థకొచ్చారు. మట్టిని అడిగి చెప్తామని మా పెద్దసారు ఒప్పుకున్నారు.

వాగుకు ఈవల, గుట్ట వాలులో ఒక కోయగూడెం. కట్ట పెద్దదైతే గూడెమూ, చేలూ మొత్తం నీళ్ళ కిందికి పోతాయి. పాత రోజుల్లో కూడా ఇక్కడ వానలు తక్కువేనని తేలితే చిన్న ఆనకట్టతో సరిపెడతారు, ఒక్క గుడిసె కూడా కదలదు. పెద్దదా చిన్నదా అన్నది వానల లెక్క మీద ఆధారపడి ఉంది, వానల లెక్క మా మీటరు మీద. గూడెం వాళ్ళకు ఇదంతా ఎవరో సగం సగం చెప్పారు. మేం దిగేసరికి వాళ్ళకు మా జీపు నంబరు కూడా తెలుసు.

మేం ముగ్గురం. పెద్దసారు, నేను, డ్రైవరు.

పెద్దసారు మంచి మాటకారి. మట్టి చేతిలోకి తీసుకుంటే చిటికెడు నాలుక మీద వేసుకుని పంటికింద నలిపి అందులో ఇసుకెంతో బంకెంతో చెప్పేవారు. అది మా పనిలో అందరూ చేసేదే, కానీ ఆయన భోజనానికి కూర్చున్నంత తీరిగ్గా చేసేవారు. డ్రైవరు ఇల్లందు వాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ బజారులో సైకిల్ షాపు ఉన్న కుటుంబం. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను చిన్నసార్ అనేవాడు. పెద్దసారు మట్టి రుచి చూసినప్పుడల్లా నా చెవిలో, "ఉప్పు జెర తక్కువైనట్టుంది చిన్నసార్, మొకం చూడున్రి" అనేవాడు.

మీటరు దగ్గర ఇనుము ఉండకూడదు. బెల్టు బకిలు, తాళాల గుత్తి, గడియారం, గడ్డపార, జీపు, అన్నీ దూరంగా ఉండాలి. నేను ఈ జాబితాను ప్రతిరోజూ పైకి చదివి తర్వాతే మీటరు తెరిచేవాణ్ణి. మొదటిరోజు గూడెం పెద్ద మా వెనకే వాగులోకి దిగాడు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. భుజాన గొడ్డలి.

"పెద్దాయనా, ఆ గొడ్డలి కాస్త దూరంగా పెట్టి రండి" అన్నాను.

"ఏంది, నీ మిషిన్ భయపడతదా?"

"భయపడదు, తప్పు చెప్తుంది."

"ఇనుమును జూస్తే తప్పు చెప్పేదాన్ని పట్టుకొని మా ఊరు ముంచనీకొచ్చిన్రా?"

భాయ్ పగలబడి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. గొడ్డలిని చాలా దూరం తీసుకెళ్ళి ఒక రాయికి ఆనించి, తిరిగొచ్చి నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

ఒడ్డులో మనిషి లోతున ముదురెరుపు పట్టీ ఉంది. మీటరు ఆనించగానే అంకె గబుక్కున లేచింది. అంత అంకె మేమెక్కడా చూడలేదు. పెద్దసారు టోపీ తీసి నెత్తి తుడుచుకుని, "చూశావా, ఇక్కడొకప్పుడు కుండపోతగా కురిసేదోయ్!" అన్నారు. ఇంజనీర్లు అడుగుతున్నది ఆ మాటే. కట్ట ఎత్తు ఆ నిమిషంలోనే ఆయన మనసులో పెరగడం నాకు కనపడింది.

"ఏమంటుండు?" అని అడిగాడు పెద్దాయన.

"పాత రోజుల్లో వానలు బాగా పడేవంటున్నారు."

"పడితే పడె. గిప్పుడు పడుతలెవ్వు గద. పోయిన వానలకు గిప్పుడు కట్ట కడతరా?"

దానికి మా దగ్గర జవాబుంది. వానల తీరు వంతులు వంతులుగా మారుతుంది, ఒకప్పుడు పడ్డవి మళ్ళీ పడొచ్చు, అని. అది చెప్పాను. ఆయన విన్నాడు. నమ్మాడో లేదో తెలియదు.

నాకొక అలవాటుంది. ఎక్కడ కొలిచినా మూరెడు పక్కకు జరిగి ఇంకోసారి కొలుస్తాను. దీన్ని చూసి పెద్దసారు, "నువ్వు అన్నం కూడా రెండు కంచాల్లో తింటావా?" అని ఎగతాళి చేసేవారు. ఆ ఒడ్డు దగ్గర మూరెడు పక్కన అంకె సగానికి పడిపోయింది. ఇంకో మూరెడు జరిగితే మళ్ళీ లేచింది. పట్టీ పొడవునా అట్లాగే ఉంది. వాన అట్లా పడదు. ఈ గజం మీద కుండపోత, పక్క గజం మీద చినుకులు, ఇంకో గజం మీద మళ్ళీ కుండపోత, ఇది వాన చేసే పని కాదు. కత్తిలా పదును చెక్కిన చెక్కబద్దతో పట్టీని గీకి చూశాను. అంకె ఎక్కువున్న చోటల్లా మట్టిలో బొగ్గు పొడి, ఆవగింజలంత ముక్కలు.

మా చదువులో ఇంకో సంగతి ఉంది, మేం మరిచిపోయింది. కట్టెల మంట కింద మట్టి కాలితే కూడా అందులోని ఇనుము అట్లాగే అయస్కాంత రేణువులుగా మారుతుంది. వానలు ఏళ్ళ తరబడి చేసేదాన్ని మంట ఒక్క పూటలో చేస్తుంది. ఆ అడవి పోడు సేద్యం ఉన్న అడవి. చెట్లు నరికి, కొమ్మలు ఎండనిచ్చి, కుప్పలు వేసి, వానల ముందు కాల్చి, ఆ బూడిదలో జొన్నో సామో చల్లుతారు. కొన్నేళ్ళు పండించాక ఆ చెలకను అడవికి వదిలేసి ఇంకోచోటికి పోతారు. మీటరు చూపిస్తున్నది వాన కాకపోవచ్చు, నిప్పు కావచ్చు. అదే అయితే ఆ అంకెలతో కట్ట ఎత్తు లెక్కగట్టడం పొయ్యిని చూసి చెరువు లోతు చెప్పడం లాంటిది.

ఇది తేల్చుకోవడానికి ఒకటే దారి. కుప్పలు ఎక్కడ కాలాయో తెలిసిన నేల మీద మీటరు పెట్టి చూడటం. పెద్దసారు వారం పనిమీద ఖమ్మం వెళ్ళినప్పుడు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నా అనుమానం మొత్తం చెప్పి, గూడెం చేలన్నీ చూపించమని అడిగాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"దీంతోని చెరువు ఆగుతదా?"

"ఆగాలి."

"ఆగాలె అని నేను గూడ అంటున్న. ఆగుతదా?"

"ఈ అంకెలు వాన వల్ల కాదని తేలితే పెద్ద కట్టకు వాళ్ళ దగ్గర ఆధారం ఉండదు. అప్పుడు ఆగుతుంది."

 ఆయన గొడ్డలిని భార్య చేతికిచ్చి, "పా మరి" అన్నాడు.

ఆ గూడెంలో ఒక కట్టుబాటుంది. ఒక చెలకను మొదట ఎవరు కాల్చారో ఆ చెలక వాళ్ళ నిప్పు. అడవికి వదిలేసి ఎన్నేళ్ళయినా, అక్కడ మళ్ళీ చెట్లు పెరిగినా, వాళ్ళ ఇంటివాళ్ళను అడగకుండా ఇంకొకరు గొడ్డలి పెట్టరు. అందుకని ఎవరి నిప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పెద్దవాళ్ళందరికీ నోటికి వచ్చు. ఒకరి నిప్పును ఇంకొకరిదని చెప్పడం అక్కడ చాలా పెద్ద తప్పు.

"గిది మా పెద్దనాయన నిప్పు. గా బండ కాడి నుంచి అటు దిక్కు మా మేనమామోళ్ళది. నడుమ కుప్ప గీడ వేసిన్రు."

ఆయన గీడ అన్నచోట మీటరు పెడితే అంకె లేచేది. రెండడుగులు జరిగితే పడిపోయేది. కొద్దిసేపటికి మా వెనక చిన్న గుంపు తయారైంది. అంకె లేచినప్పుడల్లా కేకలు వేశారు. పెద్దాయన భార్య గొడ్డలి మోచేతికి తగిలించుకుని, నేను చెప్పిన దూరంలోనే నిలబడి, "మా ఇంట్ల ఒక్కనాడు నిజం చెప్పిండు గాదు, గీ మిషిన్ ముంగట మాత్రం అన్ని నిజాలే చెప్తుండు" అంది. ఆయన వెనక్కి తిరగకుండానే, "నీ ముంగట చెప్తె నువ్వు కొడ్తవ్, గిది కొట్టదు" అన్నాడు.

ఆ వారం నా ఉద్యోగంలో అన్నిటికన్నా మంచి వారం. గుట్ట వాలు మొత్తానికి నక్షా గీశాను. కుప్పలు కాలిన మచ్చలన్నీ ఎర్ర సిరాతో, ప్రతి మచ్చ పక్కనా ఎవరి నిప్పో ఆ ఇంటిపేరు. మీటరు అంకెలూ పెద్దాయన మాటలూ ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు కలిశాయి. ఒడ్డులోని పాత పట్టీలోంచి బొగ్గు ఏరి డబ్బాల్లో వేసి మూతలకు మైనం పెట్టాను. అది చాలా పాత బొగ్గు. దాన్ని కాలనిర్ణయం చేసే ల్యాబుకు పంపితే ఆ నిప్పు ఎన్ని తరాల కిందటిదో తెలుస్తుంది.

హైదరాబాదు వెళ్ళి నక్షా పెద్దసారు బల్ల మీద పరిచాను. ఆయన దానిమీద వంగి చాలాసేపు చూశారు. నేను తిట్లకు సిద్ధపడే వెళ్ళాను. ఆయన తిట్టలేదు.

"వాన పోయింది" అన్నారు.

"అవునండి."

"పోతే పోనీ. నిప్పు దొరికిందిగా!" ముఖం వెలిగిపోయింది. "ఈ దేశంలో ఇట్లా ఎవరూ చూపించలేదోయ్. రిపోర్టు తిరగరాద్దాం."

తిరగరాశాం. వానల అంచనాను వెనక్కి తీసుకుంటున్నామనీ, ఈ వాలులో మట్టి అయస్కాంత గుణం మనుషులు పెట్టిన మంటల వల్లనేననీ రాశాం. ఆ వాక్యం నాదే. అందులో ఒక్క అక్షరం కూడా ఇప్పటికీ మార్చను, అది నిజం. నక్షాను చివర జతచేశాం. ఇంటిపేర్లు తీసేయమని నాకు ఎవరూ చెప్పలేదు. తీసేయాలని నాకూ తోచలేదు. ఆధారం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించకపోతే మా చదువులో దాన్ని ఆధారం అనరు.

ఇంజనీర్లు రిజర్వాయరు ఆలోచన మానుకున్నారు. కబురు చెప్పడానికి నేనూ భాయ్ గూడేనికి వెళ్ళాం. ఒక కోడిని కోశారు, మొహమాటపడితే ఇంకోదాన్ని కోశారు. ఇప్పసారా పోశారు. భాయ్ తాగడు కాబట్టి వాడి వాటా కూడా నాకే పోశారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి ఊరందరికీ వినపడేట్టు, "గీ పోరడు నీళ్ళను ఎనక్కి పంపిండు" అన్నాడు. ఆ రోజు నాకు చదువు మీద ఎంత నమ్మకం కలిగిందంటే, జీపులో తిరిగి వస్తూ భాయ్‌కి మొత్తం సిద్ధాంతం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "సమజైంది చిన్నసార్, మట్టి కాలితె లోహా అయితది. నా ఇంజిన్ కాలితె మాత్రం మెమో అయితది" అన్నాడు.

సర్కారు రిపోర్టు ఒక్క ఆఫీసుకే పోదు. కింద "ప్రతులు" అని ఉండే వరసలో ఎన్ని ఆఫీసుల పేర్లుంటే అన్నిటికీ పోతుంది. మా రిపోర్టు ఒక ప్రతి అడవి ఆఫీసుకు కూడా వెళ్ళింది. ఆ గుట్ట వాలు రిజర్వు అడవి కిందికి వస్తుంది. అక్కడి పోడు మీద గూడేనికీ వాళ్ళకూ ఎప్పటి నుంచో తగువుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. కానీ నా బుర్రలో అది ఇంకో ఫైలు.

కొన్ని నెలల తర్వాత ఉమ్మడి తనిఖీకి రమ్మని కబురు వచ్చింది. పెద్దసారూ నేనూ వెళ్ళాం. గుట్ట మొదట్లో రేంజరు, ఇద్దరు గార్డులు, ఒక రెవెన్యూ ఆయన. గూడెం మొత్తం ఒకవైపు నిలబడి ఉంది. రేంజరు చేతిలో నా నక్షా. ఎండకు కళ్ళు చిట్లించుకుని దాన్నీ గుట్టనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"గిది గీసింది నువ్వేనా తమ్మీ?"

"అవునండి."

"మస్తు సాఫ్‌గా గీసినవ్. గీ ఎర్ర మచ్చలన్నీ మంట పెట్టిన జాగలేనా?"

"అవునండి."

"అనుమానం ఏమన్న ఉన్నదా?"

"పై పొర వరకు లేదండి."

"గీ పేర్లు?"

నేను మాట్లాడకముందే పెద్దాయన ముందుకొచ్చాడు. "గవి మా ఇండ్ల పేర్లు. ఎవరి నిప్పు వాళ్ళ పేరు మీదున్నది. ఒక్కటి సుత అబద్ధం లేదు, అడుగున్రి." ఆ మాటను ఆయన గర్వంగా అన్నాడు. నక్షా మీద ఊరందరి పేర్లూ సర్కారు వాళ్ళు చదువుతుంటే అది పట్టా లాంటిదేనని ఆయన అనుకున్నాడు. నేనూ అంతకు తక్కువేమీ అనుకోలేదు.

రేంజరు ఆయనకు తలూపి, నావైపు తిరిగాడు.

"ఎప్పుడు కాల్చిన్రో నీ మిషిన్ చెప్తదా?"

అప్పటికి గానీ నాకు విషయం తలకెక్కలేదు: అడవిని రిజర్వు చేయకముందటి నిప్పయితే హక్కు, తర్వాతిదైతే ఆక్రమణ. పెద్దసారు వైపు చూశాను. ఆయన గుట్ట వైపు చూస్తున్నారు.

"చెప్పదండి."

"అంటే, పోయిన ఎండాకాలం కాల్చినా గిదే అంకె, వీళ్ళ తాత కాల్చినా గిదే అంకె. అంతేనా?"

"దాదాపు అంతేనండి. కానీ…"

"కానీ ఏంది?"

"వాగు ఒడ్డులో మనిషి లోతున కాలిన పట్టీ ఉందండి. బొగ్గు కూడా ఉంది. అది చాలా పాతది. ఇక్కడ తరాల నుంచీ కాలుస్తున్నారని దాన్ని బట్టి…"

"అది మనుషులే కాల్చిన్రని నీ మిషిన్ చెప్తదా? పిడుగు పడి కాలిందేమో. అడివి అన్నంక కాలదా?"

రేంజరు చేసింది ఇది. పైనున్న నిప్పు మనిషిది, కిందున్న నిప్పు పిడుగుది. రెండిటి అంకె ఒకటే. మా శాస్త్రంలో దాన్ని కాదనడానికి ఆ గుట్ట మీద ఆ పూట నా దగ్గర ఏమీ లేదు.

"చెప్పదండి" అన్నాను. "బొగ్గును ల్యాబుకు పంపితే వయసు తెలుస్తుంది."

"పంపున్రి, ఎవరొద్దన్నరు? వచ్చినంక జూద్దాం." నక్షా మడిచాడు. "ఏం సార్, గింతేనా, మీరేమన్న అంటరా?" అని పెద్దసారును అడిగాడు.

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "మా కుర్రాడు చెప్పింది శాస్త్రీయంగా కరెక్టే" అన్నారు. ఆ ఉద్యోగంలో ఆయన నన్ను పదిమంది ముందు మెచ్చుకున్నది అదొక్కసారే.

పెద్దాయన మా ఇద్దరినీ చూశాడు. "గదేంది సారూ? వాన కాదు, మా నిప్పే అని చెప్తివి గద. గిప్పుడు పిడుగు ఎక్కడికెల్లి వచ్చింది?" అన్నాడు.  రెవెన్యూ ఆయన ఏదో రాసుకుంటున్నాడు.

రేంజరు చెడ్డవాడు కాదు. అది కూడా రాయాలి. జీపు దాకా మాతో నడిచొచ్చి, నాతో మెల్లగా, "నాకూ పై నుంచి అడుగుతరు తమ్మీ. వీళ్ళను కదిలియ్యమంటరు, ఏం జూపిచ్చి కదిలియ్యాల్నో నాకు తెల్వకపోయేది. నీ నక్షా లేకపోతె గీ పని నాతోని అయ్యేది గాదు" అన్నాడు. నిజంగానే కృతజ్ఞతతో అన్నాడు. చేయి కలపబోతే కలిపాను.

హైదరాబాదు చేరిన మర్నాడే బొగ్గును ల్యాబుకు పంపుదామని పెద్దసారుకు చెప్పాను. ప్రాజెక్టు ముగిసిందన్నారు. నా జీతంలోంచి కట్టుకుంటానన్నాను. సంస్థ శాంపుల్ని సొంతానికి పంపించడం నిబంధనలకు విరుద్ధమన్నారు. అడిగినప్పుడల్లా ఓపిగ్గా అదే చెప్పారు. డబ్బాలు స్టోరు అల్మరాలో, నేను రాసిన లేబుళ్ళతో ఉండిపోయాయి.

గూడేన్ని వానల ముందు ఖాళీ చేయించారు. ఆ రోజు నేను అక్కడ లేను, ల్యాబులో మీటర్లు సరిచేస్తున్నాను. భాయ్ ఇల్లందు వెళ్ళొచ్చి చెప్పాడు. "కొట్టలే, తిట్టలే చిన్నసార్. తమీజ్‌తోనే చేసిన్రు. గుడిసెలు ఇప్పి, వాసాలు ఒక దిక్కు, తాటాకు ఒక దిక్కు పేర్చి ఇచ్చిన్రు. ఎనుకనే, మళ్ళ లోపటికి రాకుంట చుట్టు కందకం తవ్వుడు షురూ చేసిన్రు." తర్వాత కాస్త ఆగి, నావైపు చూడకుండా, "చెరువొస్తె ముంపు కింద ఇండ్ల జాగలన్న వస్తుండె గద?" అని అడిగాడు.

అవును. రిజర్వాయరు వచ్చి ఉంటే వాళ్ళు ముంపు బాధితులు. ముంపు బాధితులకు ఇళ్ళ స్థలాలు, ఎంతోకొంత భూమి, ఒక జాబితాలో పేరు ఉండేవి. ఇప్పుడు వాళ్ళు అడవి ఆక్రమణదారులు. ఆక్రమణదారులకు ఏమీ ఉండదు. నేను నీళ్ళను వెనక్కి పంపి, వాళ్ళను ఒక జాబితాలోంచి తీసి ఇంకో జాబితాలో వేయించాను. గుట్ట వాలు మొత్తం నీలగిరి మొక్కలు నాటారు.

ఆ ఏడాది చివర ఒక సెమినార్లో పెద్దసారు మా పనిని చదివారు. గోడమీద నా నక్షా స్లైడు పడింది. ఇంటిపేర్లు చెరిపేసి ఆ చోట అంకెలు వేశారు. చప్పట్లు బాగా కొట్టారు. చివర స్థానికుల సహకారానికి కృతజ్ఞతలు చెప్పారు. పేపరు మీద నా పేరు రెండోది. మధ్యాహ్నం భోజనాల్లో ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, పొరపాటును ఫలితంగా మార్చడమే అసలు పరిశోధన అన్నారు. నేను పెరుగన్నం కంచంతో నిలబడి అవునన్నాను. ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. ఏమీ జరగనట్టే చేశాను, అది కూడా ఉద్యోగంలో భాగమే. తర్వాత సొంత కారణాలని రాసి వదిలేశాను.

ఎక్కడ తప్పు జరిగిందో చాలాసార్లు వెతికాను. నా అలవాటు అది. మీటరు సరిగా ఉంది. కొలతలు సరిగా ఉన్నాయి. పెద్దాయన చెప్పింది నిజం, నేను రాసింది నిజం, రేంజరు అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు నిజం. ప్రశ్న అడిగితే జవాబు సరైనదా కాదా అని చూసుకోవడం మాకు ఐదేళ్ళు నేర్పారు. ఆ ప్రశ్న ఎవరు, ఎందుకు అడుగుతున్నారో చూసుకోవడం ఒక్క పూటైనా నేర్పలేదు. మీకు కూడా నేర్పరు. అందుకని ఇది చదివి మీరు బాగుపడతారని నాకు ఆశ లేదు. మీ బల్ల మీదకు కూడా ఏదో ఒక నక్షా వస్తుంది, దాన్ని మీరూ సాఫ్‌గానే గీస్తారు.

పెద్దాయనను ఆ తర్వాత ఒక్కసారే చూశాను. షాపు పెట్టిన కొత్తలో సామాను కోసం ఇల్లందు వెళ్ళాను. బస్టాండులో భార్యతో కూర్చుని ఉన్నాడు. దవాఖానాకు తీసుకొచ్చాడట. ఆమె కాలు వాచి ఉంది. ఆయన భుజాన గొడ్డలి లేదు. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు ఆలస్యం కాలేదు. ఎక్కడుంటున్నారని అడిగితే, గోదావరి అవతలి దిక్కు చూపించాడు, ఊరి పేరు చెప్పలేదు. మిగతావాళ్ళు ఎక్కడని అడిగితే, తలా ఒక దిక్కన్నాడు. కొందరు ఆ నీలగిరి తోటలోనే కూలికి పోతున్నారట. గుంతలు తవ్వుతారట.

"టీ తాగుతారా పెద్దాయనా?"

"వద్దు."

కాసేపు బస్సుల వైపు చూశాడు. తర్వాత మామూలు గొంతుతో, దారి అడిగినట్టు అడిగాడు.

"మళ్ళ గట్లనే ఎవరన్న అడిగితె, నువ్వేం చెప్తవ్ సారూ? గా మిషిన్ ఏండ్లు చెప్తదా అని అడిగితె?"

ఆ ఉద్యోగం మానేశానని చెప్పొచ్చు. ఆయన అడిగింది అది కాదు. ఆయన అడిగినదాని గురించే ఆలోచించాను. అబద్ధం చెప్తానని అనడం తేలిక. ఆయన మాత్రం మా మీటరు ముందు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

"చెప్పదనే చెప్తాను" అన్నాను. "దానికి ఏళ్ళు తెలియవు."

ఆయన తలూపాడు. కోపం కనపడలేదు.

"అవ్. నువ్వు అబద్ధమాడలే. గది నాకెరికే. ఆడేటోనివైతె అసలు చేలే చూపియ్యకపోదును." భార్య చెయ్యి పట్టుకుని లేపాడు. బస్సు వచ్చింది. ఆమెను ముందు ఎక్కించి, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"మంచోనివే. మా దిక్కు మాత్రం రాకు సారూ."